ఎర్రగీత దాకా

బాగున్నదాన్ని విప్పి పారేసి కొత్తది పెట్టడానికి అంత డబ్బా అని మొదట అనుకుంది లిఫ్టమ్మ, అనుకున్న మరుక్షణం తన మీద తనకే ఒళ్ళు మండింది, ఎందుకంటే అది ఆమె మాట కాదు, ఆమె శత్రువుల మాట, లిఫ్టు ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ బిల్డింగు ఓనర్లూ హోటలు మేనేజర్లూ ఆమె మొహాన కొట్టిన మాట, తాడు బాగానే ఉంది కదండీ ఎందుకు మార్చడం అని వాళ్ళంటే, అయితే ముందు మీరెక్కి పై అంతస్తు దాకా వెళ్ళి రండి నేనిక్కడే నిలబడి చూస్తాను అని నోళ్ళు మూయించిన మనిషి, ఆ నోటి దురుసుతోనే ఊరంతా లిఫ్టమ్మ అనిపించుకున్న మనిషి, ఇవాళ ఈ గ్యారేజీలో, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ, అచ్చం ఆ హోటలు మేనేజర్లలాగే లెక్కలు వేస్తోంది. అద్దం గోడకు అవతల ఆమె కారు గాల్లో ఉంది. రెండు ఇనుప స్తంభాల మధ్య, పొట్టంతా కనిపించేలా, దింపిన గేర్‌బాక్స్ పక్కనే బల్ల మీద. పసుపుపచ్చ కారు, రెండే సీట్లు, నడుమెత్తు కంటే కాస్త ఎత్తు, కిందనుంచి చూస్తే మాత్రం నల్లగా, నూనె మరకలతో, ఎవరి కారో అన్నట్టుంది. ఎవరైనా తలుపు తట్టకుండా స్నానాల గదిలోకి తొంగిచూస్తే ఎలా ఉంటుందో కారు తరఫున ఆమెకు అలా అనిపించి చూపు తిప్పుకుంది, మళ్ళీ చూసింది. వచ్చింది క్లచ్ మార్పించడానికి, అంతే. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దింపాక మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంజన్ వెనకాల ఒక బేరింగ్ ఉంటుంది మేడమ్, గేర్‌బాక్స్ దింపితే తప్ప అక్కడికి చెయ్యి దూరదు, ఈ మోడల్‌కి అదొక్కటే గండం అన్నాడు. చప్పుడు చెయ్యదట, వాసన రాదట, లైటు వెలగదట, ఒకరోజు పగిలిపోతుందట, దాంతో ఇంజన్ మొత్తం తుక్కు. లేదా ఎప్పటికీ పగలకపోవచ్చునట. ఎంతవుతుందో చెప్పాడు. కారు ఇవాళ అమ్మితే వచ్చేదాంట్లో దాదాపు సగం. "ఎలాగూ విప్పి ఉంది కాబట్టి ఇప్పుడైతే కూలి కలిసొస్తుంది మేడమ్. తర్వాతంటే మళ్ళీ మొదట్నుంచీ విప్పాలి. ఓ గంటలో చెప్పండి. మార్చమంటే మారుస్తా, మూసెయ్యమంటే మూసేస్తా," అని వెళ్ళిపోయాడు.

మార్చడమా, మూసెయ్యడమా. మూడో దారి అల్లుడి జేబులో ఉంది. అల్లుడు మంచివాడు, మంచివాడు కావడంవల్లే అతనితో పోట్లాడటం కష్టం, చెడ్డవాడైతే నాలుగు దులిపి ఊరుకునేది. పాతకార్లు సేకరించే పెద్దమనిషి ఒకడిని అతను పట్టుకొచ్చాడు, ఆయనకు అద్దాల హాలు ఉందట, అందులో వరసగా కార్లట, ఒక్కదాని ఇంజనూ తిప్పడట, ఇంత తక్కువ తిరిగిన బండి, ఇంత శుభ్రమైన బండి ఎక్కడా దొరకదు, క్లచ్ వేయించి ఇచ్చేస్తే చాలు, లోపలి భాగాల సంగతి నాకక్కర్లేదు అన్నాడట. ఎందుకక్కర్లేదో అడగాల్సిన పనే లేదు, నడపనివాడికి ఏ బేరింగైతేనేం. "ఏసీలో పెడతాడు అత్తయ్యా, మనకంటే బాగా చూసుకుంటాడు," అన్నాడు అల్లుడు పొద్దున ఫోన్లో, ఆ మనకంటే అన్న మాట చెవిలో జోరీగలా ఇంకా తిరుగుతోంది, మనమెవరు, కారు నాది. తర్వాత గొంతు తగ్గించి, ఆ డబ్బుతో మీ మోకాలు చేయించుకోవచ్చు కదా అత్తయ్యా, కారుకీ మోకాలికీ ఏం తేడా, రెండూ అరిగిపోయేవే కదా, దేనికి ముందు చేయించాలో మీకు తెలియంది కాదు, అన్నాడు, తనెంతో తెలివైన పోలిక చెప్పినట్టు. కారు కారే, మోకాలు మోకాలే. మోకాలు ఆమె అడక్కుండానే వచ్చింది, కారును ఆమె ఏరికోరి తెచ్చుకుంది. మోకాలు మెట్ల దగ్గర గొణుగుతుంది, కార్లోకి దిగేటప్పుడూ అందులోంచి లేచేటప్పుడూ పెద్దగా అరుస్తుంది, అరవనీ, నలభై మంది మగాళ్ళు పనిచేసే ఆఫీసులో ఇంతకంటే పెద్ద అరుపులు విన్నది. కూతురిది ఇంకో పాట. నీకేమైనా అయితే అమ్మా. ఈ ఏమైనా అనే మాట దానికి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది, ముక్కు నా దగ్గర్నుంచి వచ్చింది, కాస్త ధైర్యం కూడా తీసుకుని ఉంటే ఏం పోయేది అనుకుంది లిఫ్టమ్మ, అనుకుని కూతురి మీద జాలిపడింది.

ఏమైనా అయితే. ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవారో. లైబ్రరీలో పని, పొద్దస్తమానం పుస్తకాలకు అట్టలు వేసే పని, అట్టలేని పుస్తకం కనిపిస్తే ఒంటి మీద బట్టల్లేని మనిషిని చూసినట్టు కంగారుపడేవారు, ఆ అలవాటు ఇంటిదాకా తెచ్చుకుని టీవీ రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు, సోఫాకు దుప్పటి, కొత్త దుప్పటి మాసిపోకుండా దాని మీద పాత దుప్పటి, చివరికి ఇంట్లో ఏ వస్తువు అసలు రంగేమిటో ఎవరికీ తెలియని పరిస్థితి. ఆ ఇంటికి ఆమె ఒక సాయంత్రం ఈ పసుపుపచ్చ కారు తోలుకొచ్చింది. ఒక పళ్ళ డాక్టరు అమ్ముకుంటుంటే కొంది, ఆయన భార్య కారో నేనో తేల్చుకోమందట, తన కష్టార్జితంతో కొంది, ఒక్కరిని అడగలేదు. ఆఫీసులో మగవాళ్ళు కిటికీల దగ్గర మూగి, మీ ఆయన కొనిచ్చారా అనడిగితే, ఆయనకు లైసెన్సే లేదు అని చెప్పి తాళం వేలికి తిప్పుకుంటూ మెట్లెక్కింది, ఆ వేలు ఇప్పుడు వంకరపోయింది గాని ఆ మెట్లు ఎక్కిన సంబరం పోలేదు. ఆయన కారు చుట్టూ తిరిగారు. మూడోరోజుకల్లా దానికి కొలతలు తీసుకుని, గుడారాలు కుట్టే దుకాణానికి వెళ్ళి, లోపల మెత్తని గుడ్డ వేయించి, అద్దాలకు చెవులు కూడా పెట్టించి బూడిదరంగు కవరు కుట్టించుకొచ్చారు. ఎండకు కవరు, వానకు కవరు, దుమ్ముకు కవరు, మనసులో మాట చెప్పడం చేతకాని మనిషి, ప్రేమ పుట్టినప్పుడల్లా దేనికో ఒకదానికి తొడుగు వేసేవారు. పక్క సీట్లో కూర్చుంటే చెయ్యి తలుపు పిడి మీద, కుడికాలు నేల మీద, ఎదురుగా సైకిలు కనిపిస్తే చాలు, లేని బ్రేకును బలంగా నొక్కేవారు. మెల్లగా, మెల్లగా. అటు బ్రేకు లేదండీ అంటే తెలుసు అనేవారు, తెలిసీ నొక్కేవారు. ఇన్నేళ్ళు నొక్కీ నొక్కీ పక్క సీటు ముందున్న మ్యాటు ఆయన బూటు ముందుభాగం ఆనే చోట అరిగి, రబ్బరు పోయి, కింద గుడ్డ బయటపడింది. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు దాటి తిరిగితే ఆయన మొహం పాలిపోయేది, అందుకని దాటనిచ్చేది కాదు. అందరితో ఢీ అంటే ఢీ అనే మనిషి ఆయన ఒక్క మెల్లగాకు మాత్రం లొంగింది. ఆయన పోయాక కూడా లొంగుతూనే ఉంది, అదీ విచిత్రం. నెలకోసారి కవరు తీసి, మార్కెట్టు దాకా పోయి, తుడిచి, కవరు కప్పి, పిన్నులు పెట్టి, దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ.

మెకానిక్ ఇందాక అడిగాడు, ఈ బండి ఎలా నడుపుతారు మేడమ్ అని. "చాలా జాగ్రత్తగా. ఒక్కరోజు కూడా గట్టిగా తొక్కలేదు," అంది గొప్పగా, బడిలో బిడ్డ మార్కులు చెప్పుకునే తల్లిలా. అతను మెడ గోక్కున్నాడు. "అదే వచ్చిన చిక్కు. నా దగ్గరికి వచ్చిన వాటి సంగతి చెబుతున్నా మేడమ్, బాగా తొక్కి నడిపినవాళ్ళ బేరింగులు నిక్షేపంలా ఉన్నాయి. మెల్లగా నడిపి, కప్పిపెట్టి దాచుకున్నవే పగిలి వస్తున్నాయి. ఇంజన్ గట్టిగా తిరిగితేనే ఆయిల్ అక్కడిదాకా చేరేది." అన్నాడు, అతనికదొక మామూలు మాట, ఆమెకు మాత్రం ఎవరో కుర్చీ లాగేసినట్టయింది. ఎందుకంటే ఇది ఆమెకు తెలుసు! తెలిసినదాని కంటే ఎక్కువ తెలుసు, జీవితమంతా ఇతరులకు చెప్పిన పాఠం ఇది. ఆసుపత్రి లిఫ్టు, రాత్రీ పగలూ స్ట్రెచర్లు మోసే లిఫ్టు, ఏ తనిఖీలోనూ తలవంచుకునేలా చెయ్యలేదు. ఎవరో కోటీశ్వరుడి బంగళాలో ఇత్తడి గొలుసులూ అద్దాలూ పెట్టించి చుట్టాలొస్తే చూపించడానికి ఉంచుకున్న లిఫ్టు ఎప్పుడు చూసినా మధ్యలో ఆగిపోయేది, పని లేకపోతే చెడిపోతుందండీ, ఎవరూ ఎక్కకపోయినా రోజూ పైకీ కిందికీ తిప్పండి అని ఆ ఇంటి పెద్దావిడకు వేళ్ళు మడిచి మరీ చెప్పింది. చెప్పి, బయటికొచ్చి, తన కారు కవరు తీసి, మూడు వేలు దాటకుండా ఇంటికెళ్ళింది. ఎంత తెలివి. చూశారా, అంది ఆయనతో, పైకే అన్నట్టుంది, ఎదురు కుర్చీలో పేపరు చదువుకుంటున్నాయన తలెత్తాడు. చూశారా మీ మెల్లగా ఏం చేసిందో, దుమ్ము పడకుండా చూశారు, ఎండ తగలకుండా చూశారు, లోపల ఎముక మాత్రం ఆయిల్ చుక్క లేక ఎండిపోయింది. కోపం వచ్చింది, చచ్చిపోయిన మనిషి మీద వచ్చే కోపం, తిట్టడానికి ఎదురుగా మనిషి ఉండడు కాబట్టి ఎంతకీ చల్లారదు. ఆ కోపం అడుగున ఆయన లేరన్న దిగులు అలాగే ఉంది, కోపంతో పాటే పైకి తేలింది, కళ్ళు తడిసినందుకు మళ్ళీ కోపం వచ్చింది. పేపరాయన మర్యాదగా పేజీ తిప్పుకున్నాడు.

ఒక్కరోజు కూడా గట్టిగా తొక్కలేదనడం అబద్ధం. ఒక్కరోజు తొక్కింది. బట్టల దుకాణం లిఫ్టు పడిపోయిన రోజు. తాడు మార్చమని ఆమె రాసింది, పై అధికారి ఓనరు మొహం చూసి గడువిచ్చాడు, గడువులోగా తాడు తెగింది. కౌంటరులో పనిచేసే అమ్మాయి కాలు విరిగింది, ప్రాణం దక్కింది, అంబులెన్సు వెళ్ళిపోయాక నేల మీద చెల్లాచెదురుగా పడిన గుడ్డల మధ్య ఓనరు నిలబడి, చేతులు తిప్పుతూ, ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదండీ అన్నాడు. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదండీ. ఆ ఏమీ కాకపోవడం వెనక ఎన్ని మెట్లెక్కిందో, ఎన్ని చీకటి గుంటల్లోకి దిగిందో, ఎంతమంది చేత తిట్లు తిన్నదో వాడికేం తెలుసు, జరిగినదానికి నిందించడానికి అందరూ వస్తారు, జరగనిదానికి మెచ్చుకోవడానికి ఒక్కడూ రాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా ఊరు దాటి, లారీలు తిరగని కొత్తరోడ్డు మీద, మూడో గేరులో యాక్సిలరేటరును నేలకు ఆనేదాకా తొక్కింది. మీటరు ముల్లు మూడు వేలు దాటింది, నాలుగు దాటింది, అయిదు దగ్గర ఇంజన్ గొంతు మారింది, అంతవరకూ అది గొణుక్కుంటోందనీ అసలు గొంతు ఇదనీ ఆమెకు తెలియదు, వీపు సీటుకు అతుక్కుపోయింది, అంతకు మించితే ఇంజన్‌కు ముప్పని మీటరు మీద గీసిన ఎర్రగీత ఇంకా కొంచెం దూరంలో ఉండగా కాలు తీసేసింది. పక్క సీటు ఖాళీ. అయినా అటు వైపు చూసింది. ఆ కొంచెం దూరం ఇప్పటికీ అలాగే మిగిలిపోయింది, ఎవరికీ చెప్పలేదు, ఆయనకు అసలే చెప్పలేదు. ఇంటికొచ్చేసరికి ఆయన గేటు దగ్గర కవరు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు, వాన వచ్చేలా ఉంది అన్నారు.

అద్దం అవతల మెకానిక్ ఒకసారి ఇటు చూసి చెయ్యి తిప్పాడు, ఏమన్నారు అన్నట్టు. గంట అయిపోవచ్చినట్టుంది. సరే, తాడో పేడో. అమ్మడం అన్నది జరగదు, అది తేలిపోయింది, అద్దాల హాల్లో కవరు కూడా అక్కర్లేని గాజు సమాధిలో దాన్ని పడుకోబెట్టడానికి తను కొనలేదు. ఇక మార్చడమా, మూసెయ్యడమా. మూసెయ్యమంటాను అనుకుంది, ఆ ఆలోచన రాగానే ఒంట్లోకి ఒక పొగరు వచ్చింది, బాగుంది కూడా. జీవితమంతా ముందుజాగ్రత్తే, ఇంటా బయటా ముందుజాగ్రత్తే, ఇక చాలు. కొత్త బేరింగూ వద్దు పాడూ వద్దు, క్లచ్ బిగించెయ్, ఉన్న బేరింగుతోనే తొక్కుతాను, పగిలిన రోజు పగుల్తుంది, ఇన్నాళ్ళూ లేంది రేపే వస్తుందా. కుర్చీలోంచి లేచింది, మోకాలు అరిచింది, నోర్ముయ్ అంది దాన్ని. అద్దం తలుపు తోసుకుని లోపలికి నడిచింది. లోపల ఆయిల్ వాసన, తడి సిమెంటు, రేడియోలో వార్తలు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కళ్ళు వాటి అలవాటున అవి కారును వదిలేసి స్తంభం వైపు వెళ్ళాయి. రెండు స్తంభాల చేతులూ ఒకే ఎత్తులో లేచేలా చూసే ఇనుప తాడు, కప్పీ దగ్గర వంపు తిరిగే చోట, వెలుతురులో అంతటా ఒకేలా మెరవలేదు. సంచిలోంచి చేతిరుమాలు తీసింది. కప్పీకి చెయ్యి దూరంగా ఉంచి, రుమాలును తాడు చుట్టూ వదులుగా పట్టి, కిందినుంచి మెల్లగా పైకి జరిపింది. ఎన్ని వేలసార్లు చేసిన పనో, కళ్ళు మూసుకున్నా చెయ్యగలదు. రుమాలు జారింది, జారింది, పట్టుకుంది. లాగితే రుమాలు దారప్పోగు ఊడి తాడుకు వేలాడింది. విరిగిన తీగ. ఇంకాస్త పైన ఇంకోటి. ఆ పైన మూడు కలిసి.

"ఇదెప్పుడు మార్చావు?" అంది.

మెకానిక్ నవ్వాడు. "లిఫ్టు తాడా? మా నాన్న ఉన్నప్పుడు వేసింది మేడమ్. గట్టిది. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదా."

అని ఆగిపోయాడు. ఎందుకు ఆగాడంటే ఆమె మొహం చూసి. ఆమె అతన్ని చూడటం లేదు, బట్టల దుకాణం ఓనరునూ చూడటం లేదు, అద్దం తలుపు దగ్గర్నుంచి నాలుగడుగులు వేసి ఇదే మాటను మోసుకొచ్చిన ముసలిదాన్ని చూస్తోంది. ఇన్నాళ్ళూ లేంది రేపే వస్తుందా. అదే మాట, చొక్కా మార్చుకుని వచ్చిందంతే. దీన్ని పట్టుకుని పొగరనుకుంది, ఎదురు తిరగడమనుకుంది! మెల్లగా అన్న ఆయనదీ భయమే, రేపే వస్తుందా అన్న ఈ మాటా భయమే, డబ్బు పోతుందన్న భయం, జనం నవ్వుతారన్న భయం, ఈ వయసులో ఇంత ఖర్చు పెట్టి కొత్తది వేయించుకోవడానికి నాకింకెన్నాళ్ళున్నాయి అన్న భయం, ఆ చివరిది అసలుది, అల్లుడు మర్యాదకు పైకి అనలేదు, కూతురు అది అనలేక ఏమైనా అయితే అంది, మెకానిక్ మాత్రం అడగలేదు. ఎన్నాళ్ళైతే ఏం. తాడు మార్చమని రాసేటప్పుడు ఆ బిల్డింగు ఎన్నాళ్ళుంటుందని ఎప్పుడైనా అడిగిందా? ఎక్కేవాళ్ళున్నంతకాలం తాడు గట్టిగా ఉండాలి. కారెక్కడానికి తనుంది. దాచుకోవడానికి మార్చే భాగం వేరు, వాడుకోవడానికి మార్చే భాగం వేరు, చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, బిల్లు కూడా ఒక్కటే.

"మార్చెయ్," అంది.

"తాడా, బేరింగా?"

"రెండూ. నా బేరింగు నువ్వు మార్చు, నీ తాడు నువ్వు మార్చుకో. ఈ తాడుండగా నా కారు ఇంకోసారి దీని మీదికెక్కదు. నువ్వూ దాని కింద నిలబడకు." ఆఫీసు గొంతు వచ్చేసింది, ఆ గొంతు ఇంకా ఉందని ఆమెకే తెలియదు. అతను తాడుకు వేలాడుతున్న దారప్పోగును వేలితో ముట్టుకుని, తలెత్తి కారు వైపు చూసి, ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో లిఫ్టు ఖాళీ అవుతోంది, దాని తాళ్ళు కొత్తవి, ముందు బండిని అటు మార్చి అప్పుడే పని మొదలుపెడతానన్నాడు.

"మార్చాక ఎంతదాకా తొక్కొచ్చు?"

"ఇంజన్ వేడెక్కాక ఎర్రగీత దాకా తొక్కొచ్చు మేడమ్. అప్పుడప్పుడూ తొక్కాలి కూడా. కాకపోతే కొత్త క్లచ్ కదా, సర్దుకునేదాకా కొన్నాళ్ళు మెల్లగా..." ఆమె చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు. "కొన్నాళ్ళే," అన్నాడు.

సంచిలో ఫోను మోగింది. కూతురు. ఏమైందమ్మా, ఆ పాతకార్ల పెద్దమనిషి మధ్యాహ్నం వచ్చి చూస్తానంటున్నాడట, ఏం చెప్పమంటావు అంది, వెనక అల్లుడి గొంతు వినిపిస్తోంది. "అమ్మటం లేదని చెప్పు. బేరింగు మార్పిస్తున్నా," అంది లిఫ్టమ్మ. అటు నుంచి ఒక నిట్టూర్పు, తర్వాత, అంత డబ్బు పోసి ఏం చేస్తావమ్మా దాన్ని, నెలకోసారి మార్కెట్టుకేగా? ఆ ప్రశ్నలో వెటకారం లేదు, నిజంగానే తెలియక అడుగుతోంది, పాపం, దాని జన్మలో ఆ ఇంజన్ అసలు గొంతు వినలేదు. "ఆదివారం ఖాళీ ఉంచుకో. వచ్చి ఎక్కించుకుంటా. మీ ఆయనకు చోటు లేదు, రెండే సీట్లు," అంది. నీకేమైనా అయితే, అని మొదలుపెట్టింది కూతురు. "అవుతుంది. ఎప్పటికైనా ఏదో ఒకటి అవుతుంది. కప్పుకుని కూర్చున్నప్పుడు మాత్రం కానివ్వను," అంది తల్లి, ఫోను పెట్టేసింది.

బండిని ఎత్తకముందే డిక్కీలోంచి తీసి పక్కన పెట్టిన బూడిదరంగు మూట ఒకటి మెకానిక్ తెచ్చి బల్ల మీద పెట్టాడు, కవరు, చక్కగా మడతపెట్టి, ఆయన కుట్టించిన చెవులు పైకి లేచి. ఉతికించి ఇమ్మంటారా అన్నాడు. ఆమె దాన్ని అరచేత్తో ఒకసారి రాసింది. లోపలి మెత్తటి గుడ్డ ఇంకా మెత్తగానే ఉంది. ఇంత మెత్తటిది వెతికి వేయించడానికి ఆయన ఎన్ని దుకాణాలు తిరిగారో ఎప్పుడూ అడగలేదు. "నువ్వే ఉంచుకో. విప్పిన ఇంజన్ల మీద కప్పుకో, పనికొస్తుంది," అంది. అతను కవరు తీసి అరలో పెట్టి, జేబులోంచి పెన్సిలు తీసి, ఇంకేమైనా చేయించాలా అని అడిగి, తనే మళ్ళీ గుర్తొచ్చినట్టు, పక్క సీటు ముందు మ్యాటు అరిగిపోయింది మేడమ్, కొత్తది వేసెయ్యనా, దానికి డబ్బులేం వద్దులెండి అన్నాడు.

"దాని జోలికి వెళ్ళకు," అంది లిఫ్టమ్మ. "ఇకమీదట ఆయనకి దాంతో చాలా పని పడుతుంది."